అక్క చేతులు, నా కళ్ళు

మా స్పానిష్‌లో అత్రెవెర్సె అని ఒక క్రియ ఉంది. తెగించడం, సాహసించడం, ధైర్యం చెయ్యడం, మూడూ అదే. తొర్రెసెకా ఊరి బడిలో టీచరుగా చేసినన్నాళ్ళూ పిల్లల చేత దాన్ని వల్లె వేయించాను. నేను తెగిస్తాను, నువ్వు తెగిస్తావు, ఆమె తెగిస్తుంది. పిల్లలకి అదంటే మహా ఇష్టం, వాళ్ళ ఆటలన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి. జనవరిలో కాలవ నీళ్ళలో కాలు పెడతావా, తెగిస్తావా? పెద్దవాళ్ళూ తక్కువేం కాదు. కడుపు నిండా తిన్నాక ఇంకో పళ్ళెం పందిమాంసం వేపుడు ముందుకు తోసి, తెగించమంటారు. పిల్ల ఎదురు చెబితే తల్లి ఒకటి అంటించి, నీకెంత ధైర్యమే అనేది కూడా ఆ మాటతోనే. ఇన్ని వాడుకలున్న మాటని నేను మాత్రం ఒక్క రకంగానే వాడాను. నాకు ధైర్యం చాలదు. బోర్డు మీద దాన్ని అన్ని కాలాల్లోనూ రాసినదాన్నే, బడి గేటు దాటితే నా నోట్లోంచి ఆ ఒక్క వాక్యమే వచ్చేది.

నా పేరు బెనిల్దె. నాకు డ్రైవింగ్ లైసెన్సుంది. ఈ ముక్క చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. మా అక్క పోరు పడలేక వయసులో ఉన్నప్పుడు తెచ్చుకున్నాను. పరీక్ష పెట్టిన ఆయన అంతకుముందు నేను తప్పిన రెండుసార్లూ నా పక్కన కూర్చున్నవాడే. మళ్ళీ నా పక్కన కూర్చోవాల్సి వస్తుందన్న భయంతో పాస్ చేసేశాడని నా అనుమానం. మర్నాడు అక్క కారు తాళాలు నా చేతిలో పెట్టింది. తాళం తిప్పాను. ఇంజన్ మొరిగింది. దిగి లోపలికి వెళ్ళి కాఫీ పెట్టాను. నా డ్రైవింగ్ చరిత్ర అంతే. లైసెన్సు నా హ్యాండ్‌బ్యాగులో మేరీమాత బొమ్మ పక్కనే ఉంటుంది. మేరీమాతనైనా అప్పుడప్పుడు బయటికి తీస్తాను.

పెళ్ళి కూడా ఆ క్రియ దగ్గరే ఆగిపోయింది. పోస్టాఫీసు బెనిగ్నోకి అడిగే ధైర్యం చాలలేదు, నాకు అడిగించుకునే ధైర్యం చాలలేదు. ఆయన స్టాంపులు అమ్ముతూ పోయాడు, నేను కొంటూ పోయాను. ఉత్తరాలు రాయడానికి నాకెవరూ లేరు. ఇంట్లో ఒక డ్రాయరు నిండా స్టాంపులున్నాయి.

మా అక్క ప్రాక్సెదెస్‌ది వేరే మట్టి. లోయ మొత్తానికి కారు నడిపిన మొదటి ఆడది. వ్యాను నిండా దుప్పట్లు, మేజోళ్ళు, లోపలి బట్టలు వేసుకుని వారపు సంతలన్నీ తిరిగి అమ్మేది. మంచు పడినా ఆగేది కాదు. ఒకసారి రోడ్డు మీద పోలీసు ఆపి వేగంగా వస్తున్నావంటే, అతని బూట్ల కేసి చూసి, ఆ మేజోళ్ళతో చలికాలం ఎలా గడుపుతావు నాయనా అని మొదలుపెట్టింది. చివరికతను రెండు జతలు కొనుక్కుని సెల్యూట్ కొట్టి పంపించాడు. బావ పోయాక అక్క నా దగ్గరికి వచ్చేసింది. వ్యాను అమ్మేసి, తన పాత చిన్న కారు మాత్రం ఉంచుకుంది. మా ఊరికి బస్సు మానేసి చాలా కాలమైంది. శుక్రవారం సంతకి, డాక్టరు దగ్గరికి, చేపలకి, దేనికైనా అక్క కారే.

అలా ఉండగా అక్క కళ్ళకి శుక్లాలు వచ్చాయి.

మొదట నేను గమనించలేదు. ఒకరోజు రోడ్డు మలుపులో నల్లగా, నిటారుగా ఉండే సైప్రెస్ చెట్టుని చూసి, ఆ ఫాదర్ ఎండలో అలా ఎందుకు నిలబడ్డాడే అంది. నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత ఒకరోజు చేపల కొట్లో తూకం రాళ్ళు చూసి, ఈ రొయ్యలు ఏ ఊరివి అంది. అప్పుడు నవ్వు రాలేదు. డాక్టరు పరీక్ష చేసి, శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చిన్నదే, నగరంలో పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చు అన్నాడు. కంట్లో కత్తి పెట్టించుకోవడానికి నేనేమన్నా ఉల్లిపాయనా అని అక్క లేచి వచ్చేసింది. ఇంక ఆ ఊసెత్తనివ్వలేదు. లైసెన్సు మళ్ళీ రాయించుకునే ఏడు ఇంకా రాలేదు. కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. కుదిరిందని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. చేతులూ కాళ్ళూ అక్కవి, కళ్ళూ నోరూ నావి. అయితే నేను దారి చెబుతున్నట్టు ఉండకూడదు, అక్కకి పౌరుషం. అందుకని నేను ప్రకృతిని మెచ్చుకునేదాన్ని. "అబ్బ, ఎడం వైపు ఆ వంపు ఎంత బావుందో చూడక్కా" అంటే అక్క స్టీరింగు ఎడమకి తిప్పేది. "గొర్రెలు రోడ్డు దాటుతుంటే ఎంత ముచ్చటగా ఉన్నాయో" అంటే బ్రేకు తొక్కి, అవునవును ముచ్చటగానే ఉన్నాయి అనేది. ఎదురుగా లారీ వస్తుంటే అది ఎర్రగా ఎంత బాగుందో గొంతు చించుకుని చెప్పేదాన్ని. మా లోయ గురించి నేను ఆ రెండేళ్ళలో పొగిడినంతగా టూరిజం వాళ్ళు కూడా పొగిడి ఉండరు.

ఇప్పుడు తలచుకుంటే నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకోవాలి. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నదాన్ని, కారు నడపాలంటే భయం. చూపు లేని మనిషి నడిపే కారులో పక్క సీట్లో కూర్చోవడానికి మాత్రం భయం లేదు. అక్కని ఆపితే తాళాలు నా చేతికి వస్తాయి కదా. ఆ తాళాల కంటే లారీయే నయమనిపించింది నాకు.

జూన్ నెలాఖరులో ఒక శుక్రవారం సంత నుంచి వస్తున్నాం. ఊరి కూడలిలో క్రెసెన్సియో కేఫ్ ముందు కుర్చీలు, బల్లలు వేసి ఉంటాయి. వాటి పక్కగా కొంచెం కుడికి తిరగాలి. సరిగ్గా అక్కడే బెనిగ్నో కూర్చుని వెర్ముత్ వైను తాగుతున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి గ్లాసు పైకెత్తాడు. నేను చెయ్యి ఊపాను. ఊపుతూ ప్రకృతిని మర్చిపోయాను.

కారు తిన్నగా కుర్చీల్లోకి వెళ్ళింది. చప్పుడుకి పావురాలన్నీ లేచాయి. బెనిగ్నో జీవితంలో మొదటిసారి చురుగ్గా కదిలి గోడకి అంటుకుపోయాడు. ఆలివ్ కాయలు చొక్కా మీద పడ్డాయి. అక్క బ్రేకు తొక్కేసరికి రెండు బల్లలు, నాలుగైదు కుర్చీలు, ఇంకొకటి ఏదో కారు ముందు నుగ్గునుగ్గై ఉన్నాయి. ఆ ఇంకొకటి పసివాణ్ణి పడుకోబెట్టే తోపుడు బండి. బేకరీ వాళ్ళ అమ్మాయి నీవెస్‌ది. పిల్లాడికి పాలు వెచ్చబెట్టించడానికి ఆ క్షణం ముందే వాణ్ణి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వచ్చి, ఆ బండిని చూసి, పిల్లాడి తల మీద చెయ్యి పెట్టుకుని అలా నిలబడిపోయింది.

"ఏం తగిలిందే?" అంది అక్క.

"కుర్చీ" అన్నాను.

జనం పోగయ్యారు. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక నవ్వులు మొదలయ్యాయి. ప్రాక్సెదెస్‌కి సందు దొరక్కపోతే చేసుకుంటుంది అన్నాడొకడు. బ్రేకు జారిందని అక్క చెప్పింది, అందరూ నమ్మారు. అక్క కళ్ళని ఎవరూ అనుమానించలేదు. మేం నష్టం కట్టేశాం, నీవెస్‌కి నగరం నుంచి కొత్త బండి తెప్పించి ఇచ్చాను, అక్కకి తెలియకుండా. ఆ అమ్మాయి తీసుకుంటూ, పోనీలెండి టీచర్, అందరం బాగున్నాం అంది. నా దగ్గరే అక్షరాలు దిద్దుకున్న పిల్ల. ఆ మాటకి నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇంటికొచ్చి పడుకుంటే కళ్ళు మూసినప్పుడల్లా ఆ బండి చక్రం తిరుగుతూ కనిపించేది.

ఇక చెప్పక తప్పదనుకున్నాను. ఎందుకంటే సాన్ క్రిస్తోబల్ పండగ వారంలోకి వచ్చేసింది. ఆయన డ్రైవర్ల సెయింట్. ఆ రోజు ఊళ్ళో కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు అన్నీ రిబ్బన్లు కట్టుకుని ఆయన విగ్రహం వెనక ఊరేగుతాయి, చర్చి మెట్ల మీద ఫాదర్ ఒక్కొక్క బండి మీదా పవిత్ర జలం చల్లుతాడు. పిల్లలు కూడా తమ సైకిళ్ళకి పూలు కట్టుకుని వస్తారు. వాళ్ళు విగ్రహం వెనకే వెళ్ళాలి. సైకిళ్ళ వెనక మొదటి కారు ఎప్పుడూ మా అక్కదే, మొదట కారు నడిపిన ఆడదన్న గౌరవం కొద్దీ. అంటే అక్క కారు ముందు, జానెడు దూరంలో, ఊళ్ళో ఉన్న పిల్లలందరూ ఉంటారు.

చెప్పడం వంటింట్లో సాధన చేశాను. గోడకి వేలాడే వెల్లుల్లి జడని అక్క అనుకుని, అక్కా నీకు చూపు లేదు, ఇక నడపొద్దు అని గట్టిగా అన్నాను. వెల్లుల్లి విన్నది. ఆ మర్నాడు అక్క ఎదురుగా నోరు తెరిచేసరికి, చారులో ఉప్పు సరిపోయిందా అని వచ్చింది.

తర్వాత ఫాదర్ అమాబ్లె దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మా ఊరికి వచ్చి ఏడాది కాలేదు. పాపాలు ఒప్పుకునే గూట్లో కూర్చుని అంతా చెప్పి, మీరు ఒక మాట చెప్పండి ఫాదర్, ఆవిడ మీ మాటైతే వింటుంది అన్నాను. పోయిన ఆదివారం ప్రసంగం సగంలో అక్క లేచి, నాయనా, సగంలో తప్పిపోయావు, మొదటికి రా అందట అతనితో. జాలీ అవతల ఫాదర్ గొంతు సవరించుకుని, "టీచర్ గారూ, ఆవిడతో ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాలదు" అన్నాడు. నాకు ప్రాయశ్చిత్తంగా మూడు ప్రార్థనలు చెప్పమన్నాడు. అతను ఎన్ని చెప్పుకున్నాడో తెలియదు.

బెనిగ్నోని కూడా అడిగాను. ఆయన జవాబు రాయక్కర్లేదు. స్టాంపులు కొనుక్కుని వచ్చాను.

ఇక మిగిలింది దొంగతనం. కారు తాళాలు శనగల డబ్బాలో అడుగున దాచాను. ఈమధ్య అక్క ఇంట్లో అన్నీ చేతులతోనే వెతుక్కుంటుంది. పండగ ముందు రోజు మధ్యాహ్నం శనగలు నానబెడదామని డబ్బాలో చెయ్యి పెట్టింది. తాళాలు పైకి తీసి, బల్ల మీద పెట్టి, వేళ్ళతో తడిమి చూసుకుంది. నన్ను తిడుతుందనుకుని తలుపు వైపు జరిగాను. తిట్టలేదు. "నేనే ఇందులో పడేసుకున్నట్టున్నానే. మతి కూడా పోతోంది నాకు" అంది, నెమ్మదిగా. కాదక్కా, నేనే అని అనాలి. అనలేదు. అంత పిరికిదాన్ని నేను. ఆ రోజు నామీద నాకు వేసిన అసహ్యం ఇంతా అంతా కాదు.

పండగ ఆదివారం ఎండ పేలిపోతోంది. అక్క నీలం గౌను వేసుకుంది, కారు అద్దాలకి పసుప్పచ్చ పూలు కట్టింది, తాకి చూసుకుంటూ. కూడలిలో మా చోట్లో కారు నిలిపాం, అక్కడిదాకా నేను మెచ్చుకోని చెట్టు లేదు. ముందు ట్రాలీ మీద సాన్ క్రిస్తోబల్. ఆయన వెనక సైకిళ్ళు, కాగితం పూలు, గంటల మోత. మా వెనక ట్రాక్టర్ల దాకా వరస. అందరూ హారన్లు మోగిస్తున్నారు. ట్రాలీ కదిలింది. సైకిళ్ళు వంకర్లు పోతూ కదిలాయి. పక్క చక్రాల సైకిలు మీద ఒక పిల్ల, మా ముందు చక్రాలకి అడుగు దూరంలో ఆగి, పడిపోయిన పువ్వు తీసుకోవడానికి కిందికి వంగింది. బానెట్ మీదుగా దాని తల కూడా కనిపించడం లేదు. నేను అది వంగడం చూశాను కాబట్టి తెలుసు.

అక్క తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. గేరు మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే తేలిగ్గా అడిగింది, ముందు అంతా బావుందా అని.

ఆ పిల్లని మెచ్చుకోవడం నా వల్ల కాలేదు. ఎంత ముచ్చటగా ఉందో అనే మాట గొంతు దాకా వచ్చింది, ఆ బండి చక్రం గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పి ఊడబెరికేశాను. ఇంజన్ ఆగింది.

"ముందు పిల్లలున్నారు. నీకు కనబడటం లేదు. దిగక్కా."

అక్క మొహం నావైపు తిప్పింది. పోలీసుల్ని, సంత దళారుల్ని, బావని నిలబెట్టిన మొహం అది. "నీకెంత ధైర్యమే" అంది.

నా జన్మలో నన్నెవరూ ఆ మాట అనలేదు. నిజం చెప్పొద్దూ, అంత భయంలోనూ కొంచెం గర్వంగా అనిపించింది. దిగి, కారు చుట్టూ తిరిగి, అటు తలుపు తెరిచాను. వెనక హారన్లు పెరిగాయి. కేఫ్ దగ్గర కుర్చీల్లోంచి జనం లేచి చూస్తున్నారు. అక్కకి కళ్ళు కనబడవని ఇప్పుడు ఊరంతటికీ తెలిసిపోతుంది, ఆమె పరువు నేనే తీస్తున్నాను అనుకుంటుండగా, అక్క స్టీరింగు వదిలి పక్క సీట్లోకి జరిగింది. పాత కారు, మధ్యలో అడ్డేమీ లేదు. జరిగి, అద్దంలోంచి తల బయటపెట్టి, సంతలో అరిచే గొంతుతో అంది. "ఈ ఏడు మా చెల్లెలు నడుపుతానని మొక్కుకుంది. దూరంగా జరగండి."

ఆ తర్వాత జరిగింది నేను బతికినంత కాలం మర్చిపోను. తల్లులందరూ ఒక్కసారి పరుగెత్తుకొచ్చి, పిల్లల్నీ సైకిళ్ళనీ చంకన పెట్టుకుని అరుగుల మీదికి ఎక్కేశారు. క్రెసెన్సియో కేఫ్ కుర్చీలు లోపలికి లాగాడు. బెనిగ్నో గోడ చూసుకుని నిలబడ్డాడు. రోడ్డు మొత్తం ఊడ్చేసినట్టు ఖాళీ అయింది. చూపు లేని అక్క నడిపినన్నాళ్ళూ రోడ్డు మీద ఆడుకున్న పిల్లలు, చూపున్న నేను స్టీరింగు పట్టుకోగానే ప్రాణాలు దక్కించుకున్నారు. నేను ఆ రోజు పిల్లల్ని కాపాడానంటే అలా కాపాడాను.

కారు కదలడానికే చాలాసేపు పట్టింది. కదిలి ఆగింది. మళ్ళీ కదిలి కుందేలులా గెంతి ఆగింది. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, తిన్నగా ముందుకి చూస్తూ, పెదాలు కదపకుండా చెబుతోంది. క్లచ్చి నొక్కు. మెల్లగా వదులు. మెల్లగా అన్నానా, ఊడిపడ్డట్టు కాదు. సాన్ క్రిస్తోబల్ ఎప్పుడో చర్చి చేరిపోయాడు. నా వెనక ఊరేగింపు మొత్తం ఊరి చివరిదాకా ఆగి ఉంది, హారన్లు కొట్టే ఓపిక కూడా పోయి. చర్చి మెట్ల దగ్గర ఫాదర్ అమాబ్లె జలపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. నన్ను స్టీరింగు దగ్గర చూసి ఒక మెట్టు పైకెక్కాడు. అతనికి దండం పెట్టినట్టు లైటు వేద్దామని ఏదో నొక్కాను. అద్దం తుడిచే పుల్లలు లేచాయి. అతను జలం చల్లడం, అవి తుడిచెయ్యడం. మళ్ళీ చల్లాడు, మళ్ళీ తుడిచేశాయి. అవి ఆపడం నాకు తెలియలేదు. ఆఖరికి ఫాదర్ విసిగి పాత్రలో ఉన్నదంతా కారు పైకప్పు మీద గుమ్మరించాడు. ఆ ఏడు మా వెనక బండ్లకి దీవెనలే తప్ప నీళ్ళు మిగల్లేదు.

ఊరి బయట కళ్ళంలో ఎక్కడో ఒకచోట ఆపాను. ఆపానంటే ఇంజన్ తనంతట తానే ఆగింది. అందరూ నవ్వుకుంటూ భోజనాల బల్లల వైపు వెళ్ళిపోయారు. మేం దిగలేదు. అక్క చేతులు చూశాను. ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఆ రోజు కేఫ్ దగ్గర తగిలింది కుర్చీ కాదు కదే" అంది.

కాదన్నాను. నీవెస్ పిల్లాడి బండి అని చెప్పాను. బండి ఖాళీగా ఉందని వెంటనే చెప్పాను.

"నాకు తెలుసు. కుర్చీ అంత మెత్తగా తగలదు. అప్పట్నుంచి రోజూ చూశాను, నువ్వు నడపొద్దంటావేమో, మానేద్దామని. నువ్వేమో చెట్లు బావున్నాయి, మేకలు బావున్నాయి అంటావు. నాకు కళ్ళు పోయాయని నా నోటితో నేను చెప్పుకోలేకపోయానే. చెబితే ఆ కత్తి దగ్గరికి తీసుకుపోతారు. కత్తంటే నాకు చచ్చేంత భయం."

అక్కకి భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండింటికీ మధ్య ఆమెని గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం ఒకరి ధైర్యం మీద ఒకరం బతుకుతున్నామనుకుని, ఇద్దరం కలిసి ఒక పసివాణ్ణి చంపేసేవాళ్ళం. ఆ మాట పైకే అన్నాను. అక్క తల ఊపింది. ఇక తాళాలు అడగలేదు.

అక్కకి ఆపరేషన్ తేదీ వచ్చేలోపు నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే లోయలో వాళ్ళు నా కారు రంగు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. దూరం నుంచి చూసి ట్రాక్టర్లు పొలంలోకి దిగిపోయేవి. గొర్రెల కాపరి ఒకడు నన్ను చూసి మందని కొండెక్కించాడు. సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున అక్కని ఎక్కించుకుని నగరానికి బయల్దేరాను. దారంతా రెండో గేరులోనే. వెనక ఎంతమంది తిట్టుకున్నారో వినబడలేదు, అక్క ప్రార్థనలు అంత గట్టిగా చదివింది. నగరంలో రెండుసార్లు తిరగకూడని చోట తిరిగాను. ఒక బస్సు డ్రైవరు నాకు తెలియని మాట ఒకటి నేర్పాడు. అయినా ఆసుపత్రి దొరికింది. గేటు లోపల రెండు పెద్ద కార్ల మధ్య ఒక సందు చూసి, గోడ దాకా దూర్చేశాను. చెమటతో జాకెట్టు ఒంటికి అంటుకుపోయింది. జీవితంలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

అక్క కదలలేదు. సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఇంటికి తీసుకుపోవే" అంది. "నా వల్ల కాదు. నాకు ధైర్యం చాలదు."

నేను పక్క సీటు వైపు తిరిగాను. చెప్పాల్సిన మంచి మాటలన్నీ దారిలో తయారు చేసుకున్నాను, చిన్న ఆపరేషనే, నొప్పి తెలియదు, డాక్టరు మంచివాడు అని. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది నిజం.

"తీసుకుపోలేనక్కా. కారు వెనక్కి నడపడం నాకింకా రాలేదు."

"ఏమిటి?"

"ఎదురుగా గోడ. రెండు పక్కలా కార్లు. వెనక ఒక మనిషి నిలబడి రా, రా, ఆగు అని చెప్పకపోతే నేనిక్కణ్ణుంచి బయటపడలేను. చూపున్న మనిషి కావాలి."

ఆమె ఆ పాల రంగు కళ్ళతో గోడ ఉండే వైపు చూసింది. నేను హాస్యమాడుతున్నానేమోనని నా ఊపిరి విన్నది. నేను హాస్యమాడటం లేదు. నిజంగానే రాదు. ఊరంతా ముందుకే తిరిగాను, వెనక్కి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా లోయ చుట్టి వచ్చేదాన్ని.

"బతికున్నన్నాళ్ళూ పిల్లలకి పాఠాలు చెప్పావు" అంది అక్క. "నీకు మాత్రం ఒక్కటీ పూర్తిగా రాదు కదే."

బెల్టు తీసేసింది.

ఇద్దరం చేతులు పట్టుకుని లోపలికి వెళ్ళాం. ఆమె చెయ్యి చల్లగా ఉంది, నాది చెమటతో తడిగా ఉంది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకి తెలిసి ఉండదు. కిటికీ దగ్గర నర్సు తలెత్తి మమ్మల్ని చూసింది. ఇద్దరి మొహాల్లోనూ రక్తం లేదు. ఆ అమ్మాయి నన్నొకసారి, అక్కనొకసారి చూసి, ఆపరేషన్ మీ ఇద్దరిలో ఎవరికి అని అడిగింది.

అక్క నా చెయ్యి వదిలి, కిటికీ ఎటుందో తడుముకుంటూ ఒక్క అడుగు ముందుకేసింది.

"నాకే" అంది.